నీళ్ళలోకి చూసిన నిమిషం

మేడమీది గది, సరస్సు వైపు కిటికీ
ఆరో తేదీ, సోమవారం

అత్తా,

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. తింటున్నాను. నిద్రపోతున్నాను. జుట్టు కత్తిరించుకోలేదు. నాన్న చాడీలు నమ్మకు.

గది బాగానే ఉంది. కిటికీ తెరిస్తే సరస్సు గాలి, మూస్తే కింద ఇస్త్రీ కొట్టు ఆవిరి. రెండిట్లో ఏదో ఒకటి మొహానికి కొడుతూనే ఉంటుంది. నెలంతా ఆఫీసులో అనుమతి కాగితాలు టైపు చేస్తాను. మూడేళ్ళు భౌతికశాస్త్రం చదివి "పంటు పొడవు ఇంత, పంటు వెడల్పు ఇంత" అని కొట్టడం ఏమిటని అనిపించినప్పుడల్లా లేచి వరండా చివరిదాకా వెళ్ళొస్తాను. గుమాస్తాగారు "ఏమ్మా, కాళ్ళు పట్టేశాయా?" అంటాడు. పట్టేస్తే బాగుండును, ఒకచోట కూర్చునేదాన్ని.

నెలకి ఒక్క శనివారం మాత్రం నాది. నా పనేమిటో నాన్నకి ఫోన్లో మళ్ళీ మొదటినించీ చెప్పాను. "సరస్సు మధ్య పంటు మీద, అదే బల్లకట్టు మీద, మా మేస్త్రి పెద్ద బాణసంచా గుండ్లు ఒక్కొక్కటే పైకి వదులుతాడు. ఎన్ని వదిలాడో ఆయన లెక్క ఆయనది. ఆకాశంలో ఎన్ని పేలాయో ఒడ్డున నిలబడి నేను లెక్కపెడతాను. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఎన్ని పేలకుండా పడ్డాయో తెలుస్తుంది. వాటిని మొండివి అంటారు. మొండివన్నీ దొరికితేగాని మర్నాడు ఒడ్డు తెరవరు" అని. అంతా విని నాన్న ఏమన్నాడో తెలుసా? "ఊరంతా పేలినవి చూస్తుంటే నువ్వు పేలనివాటికోసం చూస్తావన్నమాట. అచ్చం మా అక్క పోలికే."

నువ్వు ఇన్నేళ్ళూ నిలబడ్డ ఆ సిమెంటు దిమ్మ మీదే మొన్న శనివారం నేనూ నిలబడ్డాను. మేస్త్రి పంటు ఎక్కుతూ ఎప్పటిలాగే నీ పాట పాడాడు. "మీ అత్త ముప్పై ఏళ్ళు ఇక్కడ నిలబడింది. ఒక్కసారి కూడా తెలీదు అనలేదు." నేను నవ్వాను. లోపల మాత్రం ఎవరో నా వీపుమీద చెయ్యి పెట్టి ముందుకి తోసినట్టయింది.

ఏడింటికి మొదలైంది. ఎంత బాగుందో రాయమన్నావు కదా, రాస్తాను. జనాన్ని ఆపే తాడు పక్కన మడత కుర్చీలో ఒక తాతగారు ఉన్నారు. మెడకి పట్టీ. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేశారట, వంచి వంచి మెడ ఇక పైకి లేవదట. "పైకి చూడలేనమ్మా. అయినా మీ అందరికంటే నాకే రెండు ఎక్కువ కనిపిస్తున్నాయి" అని సరస్సు చూపించారు. నిజమే అత్తా! ఆకుపచ్చది నీళ్ళలో తలకిందులుగా విచ్చుకుంటుంది. అంచులు వణుకుతాయి, తడిసిన కాగితం మీద సిరాలాగా. వెనకే ఎర్రది వచ్చి దాన్ని మింగేస్తుంది. పైన ఆరిపోయాక కూడా నీళ్ళలో ఒక్క క్షణం ఉంటుంది, వెళ్ళడానికి మనసొప్పనట్టు.

లెక్క సరిపోయింది. రెండువందల నలభై వదిలారు, రెండువందల నలభై పేలాయి. మొండివి సున్నా. మేస్త్రి నవ్వాడు కూడా.

నీ
చిచ్చుబుడ్డి


కింది వాటా, వరండా
తొమ్మిదో తేదీ, గురువారం

చిచ్చుబుడ్డికి,

ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కళ్ళజోడు తుడుచుకుని.

నా చెవులు అలాగే ఉన్నాయి. కొత్త డాక్టరు చెవిలో దీపం పెట్టి పావుగంట చూసి, "ఏం పని చేసేవారు?" అని కాగితం మీద రాసి చూపించాడు. "బాణసంచా" అని రాశాను. "ఓహో" అని రాశాడు. ఆ ముక్క రాయడానికి పావుగంట. మీ నాన్న నాతో ఫోన్లో మాట్లాడాలని ఇంకా సరదాపడుతున్నాడు. పక్కవాటా టీచరమ్మ ఫోను పట్టుకుని అటు మాట ఇటు రాసి, ఇటు మాట అటు అరుస్తుంది. నాకు ఉత్తరాలే నయం. ఎవరూ అరవరు.

నీ పనిలో బఠాణీల పద్ధతి మానకు. కుడి జేబు నిండా బఠాణీలు, పేలినప్పుడల్లా ఒకటి ఎడమ జేబులోకి. అంకెలు మర్చిపోతాం, చేతివేళ్ళు మర్చిపోవు.

ఒక్క సంగతి. ఆకుపచ్చది నీళ్ళలో విచ్చుకుంటే అంచులు వణుకుతాయని రాశావు. చాలా బాగా రాశావు. టీచరమ్మకి చదివి వినిపించాను, ఆవిడా మెచ్చుకుంది. ఆ దిమ్మ మీద నేను ముప్పై ఏళ్ళు నిలబడ్డాను. ఆకుపచ్చది నీళ్ళలో ఎలా ఉంటుందో నాకు తెలీదు.

ఎందుకు తెలీదో నీకు తెలుసు.

ఎంతసేపు కిందికి చూశావు?

అత్త


మేడమీది గది
పన్నెండో తేదీ, ఆదివారం

అత్తా,

మంచి మాట నాలుగు ముక్కలు రాస్తే దాన్ని కూడా పోలీసులా చదువుతావా? ఒక్క క్షణం చూశాను. రెప్ప వేసినంతసేపు. కళ్ళున్న మనిషి రెప్ప వెయ్యదా? బఠాణీల సంగతి అంటావా, జేబులున్న బట్టలు వేసుకోలేదు. చేతిలో లెక్కపెట్టే నొక్కుడు మిషను ఉంది, అది చాలు.

ఇక్కడ వానలు లేవు. ఇస్త్రీ కొట్టతను నా తెల్ల చొక్కా కాల్చి, "ఇది ముందునించే ఉందమ్మా" అన్నాడు, త్రికోణం మచ్చ ఎదురుగా పెట్టుకుని. ఆ ధైర్యం చూసి ఏమీ అనలేకపోయాను.

ఆఫీసులో అంతా మామూలే.

అయినా అవతలి ఒడ్డున ఇసుక రేవుకి కంచె వేసే ఉంది. తూములు ఎత్తి నీళ్ళు తగ్గిస్తున్నారు. ఇరవై నాలుగున కొత్త ఇసుక పోసి, ఇరవై ఏడున ఈత నేర్చుకునే పిల్లలకి తెరుస్తారట. ఊరికే చెప్పాను.

చి.బు.


కింది వాటా
పదిహేనో తేదీ, బుధవారం

ఏమే,

నేను అడగని ఒడ్డు సంగతి నువ్వెందుకు చెప్పావు?

చొక్కా కాల్చినవాడి ధైర్యం చూసి ఎందుకు ఏమీ అనలేకపోయావో నాకు తెలుసు. నువ్వూ అదే పని చేశావు కాబట్టి.

నీ మీద కోపం తర్వాత పడతాను, దానికి తొందర లేదు. ముందు ఇది చదువు. నీళ్ళలో పడ్డ గుండు తడిసిపోయిందిలే అని ధీమా పడకు. నీళ్ళు తగ్గి ఎండకి ఎండితే అది మళ్ళీ గుండే. దానిమీద కొత్త ఇసుక పోస్తే ఇక ఎవరికీ కనిపించదు. దానిమీద పిల్లలు గూళ్ళు కడతారు. వాళ్ళ చేతుల్లో చిన్న చిన్న పారలుంటాయి.

ఇంకొకటి. మేస్త్రి పాడే పాట అబద్ధం. మనిషి మంచివాడే, మతిమరుపు. నేను "తెలీదు" అని నాలుగుసార్లు రాశాను. ఒకసారి తుమ్ము వచ్చి, ఒకసారి కళ్ళలో పొగ పడి, రెండుసార్లు కారణం లేకుండానే. నువ్వు లెక్క రాసిచ్చే కాగితంలో మొండివి ఎన్ని అనే గడి పక్కన ఇంకో గడి ఉంటుంది. "సందేహం." చూడలేదా? అందులో గీత పెడితే ఒడ్డంతా వెతుకుతారు, తిట్టుకుంటారు, అంతే. ఆ గడి పెట్టించిందే నేను.

ఈ ఉత్తరం నీకు పదిహేడున అందుతుంది. చెప్పానని నువ్వు రాసిన ముక్క నాకు ఇరవైకల్లా రాకపోతే, టీచరమ్మ చేత మేస్త్రికి నేనే ఫోన్ చేయిస్తాను. ఆవిడ గొంతు నీకు తెలుసు. ఆఫీసంతటికీ వినిపిస్తుంది.

అత్త


ఆఫీసు వెనక గోడౌను మెట్లు
పద్దెనిమిదో తేదీ, శనివారం

అత్తా,

చెప్పాను.

నిన్న నీ ఉత్తరం చదివి నేరుగా గోడౌనుకి వెళ్ళాను. మేస్త్రి గుండ్లు వదిలే గొట్టాలు తుడుస్తున్నాడు. "సున్నా అని రాశాను కదా, అది సున్నా కాదు. ఏమిటో నాకు తెలీదు" అన్నాను. గుడ్డ పక్కన పెట్టాడు. "ఎన్ని తప్పిపోయావు?" "తెలీదు. నిమిషం పాటు నీళ్ళలోకి చూశాను. ఆరో, ఏడో, పదో." "మరి సున్నా ఎలా వచ్చింది?" "మీరు కాగితం కోసం చెయ్యి చాపి నిలబడ్డారు. మీరు ఎన్ని వదిలారో అడిగి, అదే అంకె వేశాను."

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. గుడ్డ తీసుకుని తుడిచిన గొట్టాన్నే మళ్ళీ తుడిచాడు. అప్పుడు "ఇంతమంది చదువుకున్నవాళ్ళని చూశాను. తెలీదు అనడం మీకెవరూ నేర్పరా?" అన్నాడు. నీ నాలుగుసార్ల సంగతి చెప్పి నోరు మూయించాలనిపించింది. చెప్పలేదు. ఆ పాట ఆయనకి అవసరమేమో.

ఇసుక లారీలు ఆపించారు. కంచె తీసి, అయిదుగురం మోకాళ్ళలోతు బురదలో వరసగా నిన్నా ఇవాళా నడిచాం. ఒక చెప్పు, రెండు సీసాలు, ఒక పిల్లాడి కళ్ళద్దాలు దొరికాయి. రేవు చూసే అధికారి గట్టుమీద నిలబడి, "అసలు ఉందో లేదో కూడా తెలీదా?" అని ప్రతి అరగంటకీ అడుగుతున్నాడు. ఈత మాస్టారు అరవైమంది పిల్లలకి ఏం చెప్పాలో తెలీక ఫోన్లు చేస్తున్నారు. అత్తా, అసలు లేనే లేదేమో. లేనిదానికోసం ఇంతమందిని బురదలో దించానేమో. ఉందని తేలితే భయం, లేదని తేలే దారే లేదు. ఒడ్డు పొడవు అరమైలు. మేస్త్రి ఇరవై నాలుగుదాకా చూస్తానన్నాడు. తర్వాత ఇక ఆయన చేతుల్లో ఉండదట.

రెప్ప వేసినంతసేపు అన్నది అబద్ధం. నిజం చెప్తున్నాను. బాగుంది, అందుకే చూశాను. మూడు నెలలుగా ఆ దిమ్మ మీద నిలబడి నేను ఒక్క పువ్వు కూడా చూడలేదు, అంకెలు తప్ప. నీకు ముప్పై ఏళ్ళు ఎలా గడిచాయి?

చిచ్చుబుడ్డి


కింది వాటా
ఇరవయ్యో తేదీ, సోమవారం

చిచ్చుబుడ్డికి,

ఇవాళే అందింది. ఇవాళే రాస్తున్నాను. టీచరమ్మ పోస్టు పెట్టె దగ్గరికి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వెళ్తుంది.

అరమైలు బురదలో నడవకండి. ఆ గడియారాల తాతగారిని వెతకండి.

నువ్వే రాశావు కదా, ఆయన మెడ లేవదని. అంటే మొదటినించి చివరిదాకా ఆయన నీళ్ళనే చూశాడు. పేలిన గుండు ఎవరికైనా కనిపిస్తుంది. పేలనిది పడిపోతే ఆకాశంలో ఏముంటుంది కనిపించడానికి? నల్లటిది నల్లటిదాంట్లోంచి రాలుతుంది. నీళ్ళు మాత్రం దాచలేవు. ఆ ఊళ్ళో ఆ సాయంత్రం పడ్డదాన్ని చూడగలిగిన మనిషి ఆయనొక్కడే.

ముప్పై ఏళ్ళలో నాకు ఈ ఆలోచన ఎందుకు రాలేదో రాత్రి నించీ అదే ఆలోచిస్తున్నాను. పైకి చూడ్డమే పని అనుకున్నాను.

నువ్వు అడిగినదానికి జవాబు తర్వాత.

అత్త


మేడమీది గది
ఇరవై మూడో తేదీ, గురువారం

అత్తా!

దొరికింది!

నిన్న నీ ఉత్తరం రాగానే చెప్పులు నేనూ సరిగ్గా వేసుకోలేదు. మెడపట్టీ తాతగారంటే బజారులో అందరికీ తెలుసు. ఇంట్లోనూ ఒక గోడ గడియారం విప్పుకుని కూర్చున్నారు. అడిగాను. తల ఎత్తకుండానే, "ఆఁ, పడింది. ఏడూ ఇరవై రెండుకి. ఆకుపచ్చ తర్వాత, ఎర్రది విచ్చుకుంటుంటే దాని మధ్యలో డుబుక్కుమంది. పువ్వుకి బొడ్డులాగా చిల్లు పడింది. అవతలి రేవులో చెక్కమెట్ల నించి ఎడమకి మూడో గుంజ దగ్గర" అన్నారు.

"మరి ఎవరికీ చెప్పలేదేం తాతగారూ?"

"అదీ ఆటలో భాగమేమో అనుకున్నానమ్మా. అన్నిటికంటే అదే బాగుంది."

మూడో గుంజకి రెండు బారల దూరంలో, నీళ్ళు వదిలిన బురదలో సగం కూరుకుని ఉంది. పైభాగం అప్పటికే ఎండి తెల్లబడుతోంది. మా అందరినీ దూరంగా నిలబెట్టి మేస్త్రి ఒక్కడే వెళ్ళాడు, నిండా చేతితొడుగులు వేసుకుని, నీళ్ళ బకెట్టు పట్టుకుని. పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తి ముంచాడు. అధికారి గట్టుమీద నించే లారీలకి ఫోన్ చేశాడు. రేపు ఇసుక పోస్తారు. ఇరవై ఏడున పిల్లలు దిగుతారు.

సాయంత్రం మేస్త్రి పిలిచాడు. "ఇక దిమ్మ ఎక్కొద్దు" అన్నాడు. ఆయన కళ్ళు నావైపు లేవు. ఈ ముక్క ఆయన సొంతంగా అన్నట్టు లేదు. ఎవరో పై నించి చెప్పి ఉంటారు. ఎవరైతేనేం. చెప్పినందుకు శిక్ష పడుతుందని తెలిస్తే ఎవరు చెప్తారు అత్తా?

చిచ్చుబుడ్డి


కింది వాటా
ఇరవై ఆరో తేదీ, ఆదివారం

చిచ్చుబుడ్డికి,

ఎవరో కాదు. నేనే.

నువ్వు చెప్పిన రోజే మేస్త్రి నాకు రాశాడు. ఏం చెయ్యమంటావని. దిమ్మ మీద నించి దించెయ్యమన్నాను. ఆ మాట నీకు నా గత ఉత్తరంలోనే చెప్పాల్సింది. చెప్పలేదు. గుండు దొరికేదాకా నీ కాళ్ళలో బలం ఉండాలి కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అదొక్కటే కారణం కాదు. నీ కోపానికి భయపడ్డాను.

చెప్పినందుకు కాదు శిక్ష. పదమూడు రోజులు చెప్పనందుకు. నువ్వు నా తమ్ముడి కూతురివి కాకపోయినా అదే రాసేదాన్ని. అయితే రాసింది మూడుసార్లు చదువుకునేదాన్ని కాదు.

ముప్పై ఏళ్ళు ఎలా గడిచాయని అడిగావు. నేను ఒక్క ప్రదర్శన కూడా చూడలేదే. అందరూ "అబ్బా" అనేవాళ్ళు, అది వినేదాన్ని. తర్వాత అదీ వినపడ్డం మానేసింది.

అత్త


మేడమీది గది
పద్దెనిమిదో తేదీ, మరుసటి నెల

అత్తా,

మూడు వారాలు నీకు రాయలేదు. మూడు రాసి చింపేశాను. మొదటిదాంట్లో నిన్ను చాలా అన్నాను. రెండోదాంట్లో కొంచెం. మూడోదాంట్లో ఏమీ అనలేకపోయాను, అందుకే అదీ చింపేశాను.

నువ్వు దించెయ్యమనడం న్యాయమే. నాకు నచ్చలేదు. రెండూ నిజమే.

ఈ నెల ప్రదర్శనకి దిమ్మ మీద గుమాస్తాగారిని నిలబెట్టారు. కాళ్ళు పట్టేశాయట. నేను మేస్త్రిని ఒకటే అడిగాను. "పైకి చూసే మనిషి ఉన్నాడు సరే, కిందికి చూసే మనిషేరీ?" చాలాసేపు గెడ్డం గోక్కున్నాడు. "ఇన్నేళ్ళూ ఎవరికీ తోచలేదేం?" అన్నాడు. ఇప్పుడు నాకు తాతగారి పక్కన ఒక పొట్టి ముక్కాలిపీట. ఆయన సమయం చెప్తారు, నేను చోటు రాస్తాను. మొదటిరోజు రెండు డుబుక్కులు. రెండూ తెల్లారేసరికి దొరికాయి. అధికారులకి పంపే కాగితంలో నా పని పేరు ఏం రాయాలో తెలీక "నీటి వైపు" అని టైపు చేసుకున్నాను.

వచ్చే నెల మొదటి శనివారం నువ్వు రా. పని చెయ్యడానికి కాదు. కుర్చీ వేస్తాను. ముప్పై ఏళ్ళ బాకీ. ఊరికే కూర్చుని చూడు. లెక్కపెట్టకూడదు, ఒట్టు.

చిచ్చుబుడ్డి


కింది వాటా
ఎనిమిదో తేదీ

చిచ్చుబుడ్డికి,

క్షేమంగా చేరాను. రైల్లో కిటికీ పక్కనే చోటు దొరికింది. నీ గది చూశాను కాబట్టి ఇక మీ నాన్న చాడీలకి బలం లేదు. జుట్టు సంగతి మాత్రం వాడే నిజం చెప్పాడు.

శనివారం చాలా బాగుంది. నువ్వు చెప్పినట్టే ఊరికే చూశాను. లెక్కా గిక్కా ఏమీ లేదు. పైకీ చూశాను, కిందికీ చూశాను. నీళ్ళలో అంచులు వణకడం కూడా చూశాను, నువ్వు రాసినట్టే, తడిసిన కాగితం మీద సిరాలాగా. హాయిగా ఉంది.

తాతగారికి నమస్కారాలు చెప్పు. ఆయన ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. నేనేదో అన్నాను, ఆయన తల ఎత్తలేదు. బాగానే మాట్లాడుకున్నాం.

నా బూడిదరంగు శాలువా నీ కుర్చీమీద మర్చిపోయాను. ఉంచు, తొందరలేదు.

అత్త


మేడమీది గది
పదకొండో తేదీ

అత్తా,

శనివారం గాలి లేదు. సరస్సు అద్దంలా ఉంది. ఏడింటి నించి ఏడున్నరదాకా నీళ్ళ మీద నించి నేను కన్ను తియ్యలేదు. ఒక్క అంచు కూడా వణకలేదు.

ఎంతసేపు కిందికి చూశావు?

శాలువా పార్సిల్ చేద్దామని తీశాను. లోపల నువ్వు కుట్టుకున్న రెండు జేబుల్లో ఎడమది బరువుగా ఉంది. మంచంమీద పోసి లెక్కపెట్టాను. నూట డెబ్భై తొమ్మిది బఠాణీలు. కుడి జేబులో రుమాలు, దాని కొసకి ముడి, ముడిలో విడిగా ఒక్కటి.

మేస్త్రి వదిలినవి నూట ఎనభై. నా కాగితంలోనూ మొండిది ఒక్కటే ఉంది. ఏడూ పద్నాలుగుకి, చెక్కమెట్లకి ఇవతల. ఆదివారం పొద్దున్నే దొరికింది.

శాలువా పంపడంలేదు. వచ్చే నెల నువ్వే వచ్చి తీసుకో. ఆ జేబులు మాత్రం కుట్టేసి ఉంచుతాను.

నీ
చిచ్చుబుడ్డి